గున్హా కబూల్ అంటే శిక్ష తగ్గదు!



మన పేటల్లో, మిల్లు గేట్ల దగ్గర, సాంచల కార్ఖానాల పక్కనున్న చాయ్ హోటళ్లలో ఒక మాట ఏళ్ల తరబడి తిరుగుతోంది. "ఖూనీ కేసులో ఇరుక్కున్నవాడు వకీలుకు పైసలు పోసి లాభం లేదు. జడ్జి అడిగినప్పుడు గున్హా కబూల్ అనేస్తే సరి. ఒప్పుకున్నవాడి మీద దయతలచి నాలుగేళ్లో అయిదేళ్లో వేస్తారు. విచారణ కోసం లోపల కూర్చునే రోజుల్లోనే శిక్ష కూడా అయిపోతుంది" అని. లాకప్పులో జమాదారు ఇదే చెబుతాడు. కోర్టు ఆవరణలో తిరిగే దళారీ ఇదే చెబుతాడు. జైలు బ్యారక్‌లో పాత ఖైదీ కొత్తవాడికి ఇదే ఉపదేశం చేస్తాడు. ఫీజు ముట్టని కేసును తొందరగా వదిలించుకోవాలనుకునే వకీలు కూడా ఒక్కోసారి ఇదే సలహా ఇస్తాడు.

ఈ మాట పచ్చి అబద్ధం. చిన్న దొంగతనం కేసులోనో, జూదం కేసులోనో దీనికి కొంత అర్థం ఉండవచ్చు. హత్య కేసులో లేదు. హత్య నేరం ఒప్పుకున్నందుకు బహుమానంగా జైలు ఏళ్లు తగ్గించే ఏర్పాటు మన దేశ చట్టంలో లేదు. పైగా ఆ ఒక్క మాటతో ముద్దాయి చేతిలో ఉన్న హక్కులు చాలావరకు పోతాయి. ఈ సంగతి ప్రతి కార్మికుడికీ, వాళ్ల ఇంట్లోవాళ్లకూ తెలిసి తీరాలి.

యూనియన్ పత్రికకు ఖూనీ కేసులతో ఏం పని, కూలిరేట్ల సంగతి రాసుకోండి అని కొందరు అనవచ్చు. ఆ మాట అనేవాళ్లు గత పదిహేనేళ్ల చరిత్ర ఒకసారి చూడాలి. 2009లో కోయంబత్తూరులో ప్రైకాల్ కంపెనీ అధికారి చనిపోతే 27 మందిని ముద్దాయిలను చేశారు. 2012 జనవరిలో యానాంలో రీజెన్సీ సిరామిక్స్ దగ్గర పోలీసు చర్య సందర్భంగా కార్మిక నాయకుడు ప్రాణం కోల్పోయాడు; ఆ వెంటనే కంపెనీ ఉన్నతాధికారి హత్య జరిగింది; కార్మికుల మీద కేసులు పడ్డాయి. అదే ఏడాది జూలై 18న హర్యానాలోని మానేసర్‌లో మారుతి కార్ఖానా గొడవలో ఒక అధికారి చనిపోతే 148 మంది కార్మికుల మీద విచారణ నడిచింది. సమ్మె, లాకౌటు, గేటు దగ్గర తోపులాట ఉన్నంతకాలం ఇలాంటి కేసులు మన గడప తొక్కుతూనే ఉంటాయి. ఇవికాక కార్ఖానాలో, చాళ్‌లో, నీళ్ల కుళాయి దగ్గర, తాగిన మైకంలో జరిగే కొట్లాటలు ఉండనే ఉన్నాయి. కాబట్టి ఇది మన పనే.

చట్టంలో ఉన్న శిక్షలు రెండే

హత్యకు శిక్ష ఏమిటో చట్టంలో ఒక్క వాక్యంలో ఉంది. పాత ఇండియన్ పీనల్ కోడ్‌లో అది అందరికీ తెలిసిన 302వ సెక్షన్. 2024 జూలై 1 నుండి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 103వ సెక్షన్. అంకె మారింది, శిక్ష మారలేదు. మరణశిక్ష, లేదా యావజ్జీవం. దానికి తోడు జరిమానా. మూడో దారి లేదు. జడ్జి ఎంత దయగలవాడైనా, ముద్దాయి ఎంత ఏడ్చినా, హత్య నేరం రుజువైనట్టు తీర్పు చెప్పాక పదేళ్లు వేసే అధికారం ఆయనకు లేదు. నేరం ఒప్పుకున్నవాడికీ యావజ్జీవమే. చివరిదాకా పోరాడి ఓడినవాడికీ యావజ్జీవమే. మరి ఒప్పుకున్నవాడికి మిగిలిందేమిటి?

ఇంకొక భ్రమ కూడా ఉంది. జన్మఠేప అంటే 14 ఏళ్లే కదా అంటారు. కాదు. యావజ్జీవం అంటే మిగిలిన బతుకంతా అని సుప్రీంకోర్టు 1961లోనే గోపాల్ గాడ్సే కేసులో చెప్పింది. 14 ఏళ్ల లెక్క 1978లో వచ్చిన సవరణది. మరణశిక్షకు వీలున్న నేరంలో యావజ్జీవం పడినవాణ్ణి కనీసం 14 ఏళ్లు జైలులో ఉంచకుండా ప్రభుత్వం శిక్ష తగ్గించి విడుదల చేయరాదని దాని అర్థం. అంటే 14 ఏళ్లు దాటితే అర్జీ పెట్టుకోవచ్చు, అంతే. తలుపు దానంతట అది తెరుచుకోదు. పైగా 2008లో కర్ణాటక నుండి వచ్చిన స్వామి శ్రద్ధానంద కేసులో, ఉరి వద్దనుకున్నప్పుడు 14 ఏళ్ల కన్నా ఎంతో ఎక్కువ కాలం విడుదలే లేకుండా శిక్ష వేయవచ్చునని సుప్రీంకోర్టు అన్నది. అలా వేసే అధికారం హైకోర్టులకు, సుప్రీంకోర్టుకు మాత్రమే ఉందని 2015లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది.

మరి ఒప్పుకుంటే తగ్గుతుందన్న మాట ఎక్కడిది? కొంత బయటి దేశాలది. ఇంగ్లండులో హత్యకు యావజ్జీవం తప్పనిసరి. అయితే కనీసం ఎన్నేళ్లు లోపల ఉండాలో జడ్జి అప్పుడే తేల్చి చెప్పాలి. మొదట్లోనే నేరం ఒప్పుకుంటే ఆ కనీస కాలంలో ఆరో వంతు దాకా తగ్గించవచ్చు. అది అయిదేళ్లు మించకూడదు. అక్కడ లెక్క రాసి ఉంది, ముద్దాయికి ముందే తెలుస్తుంది. మన దగ్గర అలాంటి లెక్క లేదు. 2006 జూలై 5 నుండి మన దేశంలోనూ ఒప్పుకోలు బేరం అనే పద్ధతి వచ్చింది కాని, ఉరి, యావజ్జీవం, ఏడేళ్లకు మించిన జైలు ఉన్న నేరాలకు అది వర్తించదని చట్టమే చెప్పింది. 2023 నాటి కొత్త నాగరిక్ సురక్షా సంహితలోనూ అదే మాట. కాబట్టి హత్య కేసులో "నేను మాట్లాడిపెడతాను" అని ఎవడైనా అంటే, వాడు తన దగ్గర లేని సరుకు అమ్ముతున్నాడని తెలుసుకోండి.

ఒప్పుకుంటే పోయేవి మూడు

మొదటిది, సెక్షన్ మీద పోరాడే హక్కు. ప్రాణం పోయిన ప్రతి కేసూ చట్టం దృష్టిలో హత్య కాదు. ఒక ఉదాహరణ చూద్దాం. రాత్రి పాళీ నడుస్తోంది. బీము ముందు ఎవరి సాంచకు ఎక్కించాలన్న దగ్గర ఇద్దరు కార్మికులకు మాటామాటా పెరిగింది. ఒకడు గల్లా పట్టాడు. రెండోవాడు చేతికందిన కర్రతో ఒక్క దెబ్బ కొట్టాడు. దెబ్బ తిన్నవాడు రెండు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు. పోలీసులు రాసేది హత్య సెక్షనే. కాని ముందుగా అనుకోకుండా, హఠాత్తుగా రేగిన కొట్లాటలో, ఆవేశంలో, క్రూరంగా ప్రవర్తించకుండా, ఎదుటివాడి నిస్సహాయతను వాడుకోకుండా కొట్టిన దెబ్బ వల్ల ప్రాణం పోతే అది హత్య కిందికి రాదని చట్టంలోనే మినహాయింపు ఉంది. తీవ్రంగా, హఠాత్తుగా రెచ్చగొట్టినప్పుడు, ఆత్మరక్షణలో హద్దు మీరినప్పుడు కూడా ఇలాంటి మినహాయింపులే ఉన్నాయి. అప్పుడు అది పాత 304వ సెక్షన్, కొత్త చట్టంలో 105. చంపాలన్న ఉద్దేశం లేదని తేలితే అక్కడ శిక్ష పదేళ్లకు మించదు, ఎంత తక్కువైనా వేయవచ్చు.

ఆ మినహాయింపు ఎలా తేలుతుంది? ఎన్ని దెబ్బలు, ఎక్కడ తగిలాయి, దేనితో కొట్టాడు, ఆయుధం ఇంటి నుండి తెచ్చాడా అక్కడ దొరికిందా, గొడవ ఎవరు మొదలుపెట్టారు, కొట్టాక పారిపోయాడా లేక తానే ఆసుపత్రికి మోసుకెళ్లాడా? ఇవన్నీ సాక్షుల నోట, డాక్టరు నోట రావాలి. క్రాస్ పరీక్షలో రావాలి. ముద్దాయి మొదటి రోజే గున్హా కబూల్ అంటే ఇవేవీ రావు. పోలీసులు రాసిన కథే రికార్డు అవుతుంది. పదేళ్ల లోపు తేలవలసినవాడు జన్మంతా లోపలికి పోతాడు.

ఇక్కడ ఒక ముఖ్య విషయం. జరిగింది చెప్పడం వేరు, హత్య నేరం ఒప్పుకోవడం వేరు. "కొట్టాను, చంపాలని కొట్టలేదు" అనేవాడు అబద్ధం ఆడటం లేదు. "నేరం ఒప్పుకోను" అంటే "నేను అక్కడ లేను" అని అర్థం కాదు. "ఈ సెక్షన్ కింద నన్ను దోషి అనాలంటే రుజువు చేయండి" అని అర్థం. పశ్చాత్తాపం ఉంటే దానికి తావు ఉంది. సెక్షన్ 304కు మారాక, ఎన్నేళ్లు వేయాలో జడ్జి విచక్షణలో ఉన్నప్పుడు, ఆ పశ్చాత్తాపం లెక్కలోకి వస్తుంది. ఉరి బెదిరింపు ఉన్న కేసులో కూడా ఉరి వద్దనడానికి అది ఒక కారణం కావచ్చు. ముందు సెక్షన్ తేలాలి, ఆ తర్వాతే పశ్చాత్తాపం. ఈ వరస తిరగేస్తే అంతా పోతుంది.

రెండవది, అప్పీలు. నేరం ఒప్పుకున్నందువల్ల సెషన్స్ కోర్టు శిక్ష వేస్తే, శిక్ష ఎంత, అది చట్టబద్ధమా అన్న విషయాల మీద తప్ప అప్పీలు లేదని పాత కోడ్ 375వ సెక్షన్ చెప్పింది. కొత్త సంహితలో 416వ సెక్షన్ అదే చెబుతోంది. అంటే "నేను దోషిని కాను" అని హైకోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది. శిక్ష ఎక్కువైందని పోదామంటే, యావజ్జీవం కన్నా తక్కువ శిక్ష ఆ సెక్షన్‌లోనే లేదు. తలుపు ఉంది కాని దాని వెనక గది లేదు!

అప్పీలు విలువ ఏమిటో కోయంబత్తూరు కార్మికులను అడగండి. ఆ కేసులో 27 మందిలో 8 మందికి 2015 డిసెంబరులో కింది కోర్టు రెండేసి యావజ్జీవాలు వేసింది. 2017 జనవరిలో మద్రాసు హైకోర్టు ఆ 8 మందిలో ఆరుగురిని నిర్దోషులుగా వదిలింది. మానేసర్ సంగతి చూడండి. 148 మందిలో 117 మందిని 2017 మార్చిలో సెషన్స్ కోర్టే నిర్దోషులన్నది. 13 మందికి యావజ్జీవం పడింది. ప్రాసిక్యూషన్ ఉరి అడిగినా కోర్టు ఒప్పుకోలేదు. ఆ 117 మందిలో ఎవరైనా విచారణ ఖైదుకు విసిగి "ఒప్పుకుంటే తొందరగా వదులుతారు" అన్న మాట నమ్మి ఉంటే ఈ రోజు ఎక్కడ ఉండేవాడు?

మూడవది, వెనక ఉన్నవాడి సంగతి. కార్మిక నాయకులను కిరాయి చేతులతో చంపించడం మన ఉద్యమం చూడనిది కాదు. ఛత్తీస్‌గఢ్ గని కార్మికుల నాయకుడు శంకర్ గుహా నియోగిని 1991 సెప్టెంబరు 28న భిలాయిలో నిద్రలో ఉండగా కాల్చి చంపారు. 1997లో కింది కోర్టు కాల్చినవాడికి ఉరి, పారిశ్రామికవేత్తలతో సహా మరికొందరికి యావజ్జీవం వేసింది. 1998లో హైకోర్టు అందరినీ వదిలింది. 2005లో సుప్రీంకోర్టు కాల్చినవాడికి మాత్రమే యావజ్జీవం వేసి, మిగిలినవారిపై కుట్ర రుజువు కాలేదన్నది. ఇన్నేళ్ల విచారణ జరిగిన తర్వాత కూడా పంపినవారెవరన్న ప్రశ్నకు కార్మికులకు జవాబు దొరకలేదు. ఇక కిరాయివాడు మొదటి రోజే చేతులెత్తి "నేనే చేశాను" అని ఫైలు మూయించే పరిస్థితి వస్తే, డబ్బున్నవాడి పేరు కోర్టులో వినిపించే అవకాశమైనా ఉంటుందా? బీదవాడి ఒప్పుకోలు పెద్దవాడికి గొడుగు అవుతుంది.

కసబ్‌కు దొరికిన విచారణ బదిలీ కార్మికుడికి దొరకదా?

నేరం ఒప్పుకోగానే జడ్జి తప్పనిసరిగా శిక్ష వేయాలని చట్టం చెప్పలేదు. ఆ ఒప్పుకోలును రాసుకోవాలి. దాని మీద దోషిగా తేల్చడం, తేల్చకపోవడం జడ్జి విచక్షణ. ఉరికి వీలున్న కేసులో ఒప్పుకోలు ఒక్కదాని మీదే ఆధారపడకుండా సాక్ష్యం విచారించడం మంచి ఆచారమని హైకోర్టులు బ్రిటిషు కాలం నుండి చెబుతూ వచ్చాయి.

దీనికి అందరికీ తెలిసిన ఉదాహరణ ముంబయిలోనే ఉంది. 2008 నవంబరు 26 దాడిలో ప్రాణాలతో దొరికిన కసబ్ 2009 జూలై 20న, విచారణ నడుమ, తాను నేరం ఒప్పుకుంటున్నానన్నాడు. ప్రత్యేక కోర్టు జడ్జి తహలియానీ ఆ మాటలు రికార్డు చేశారు కాని కేసు అంతటితో ముగించలేదు. సాక్ష్యమంతా విన్నారు. 2010 మేలో తీర్పు చెప్పి ఉరిశిక్ష వేశారు. ఆ తర్వాత హైకోర్టు, సుప్రీంకోర్టు మళ్లీ మొత్తం పరిశీలించాయి. 2012 ఆగస్టులో ఆ కేసు తీర్పులోనే సుప్రీంకోర్టు మరొక మాట చెప్పింది. అరెస్టయినవాణ్ణి మొదటిసారి తన ముందుకు తెచ్చినప్పుడే, వకీలును పెట్టుకునే హక్కు నీకుంది, స్తోమత లేకపోతే ప్రభుత్వ ఖర్చుతో ఇస్తారు అని మేజిస్ట్రేటు అతనికి తెలియజెప్పాలని.

కెమెరాలో కనబడిన కసబ్ ఒప్పుకోలునే కోర్టు అన్నిసార్లు తూచి చూసింది. అది సరైన పనే. మరి రోజు కూలి మీద బతికే బదిలీ కార్మికుడు, వారం రోజుల లాకప్పు తర్వాత, కళ్లు పైకెత్తకుండా "హో సాహెబ్" అన్నప్పుడు అదే తూకం ఎందుకు ఉండకూడదు? న్యాయం పెద్ద కేసులకు ఒక తక్కెడ, చిన్నవాళ్ల కేసులకు ఇంకొక తక్కెడ పెట్టుకుంటే దాన్ని న్యాయమనరు.

భాష రాని కోర్టులో తల ఊపడం

ఇక్కడ మన తెలుగువాళ్ల సమస్య ప్రత్యేకంగా చెప్పాలి. మనం తరాల కిందట వచ్చి షోలాపూర్‌లో, భివండీలో, ముంబయిలో, బళ్లారిలో, కోయంబత్తూరులో, బరంపురంలో స్థిరపడ్డవాళ్లం. బజారు మరాఠీ, బజారు కన్నడం, బజారు తమిళం మనకు వస్తాయి. కోర్టు మరాఠీ వేరు. కార్ఖానాకు కొత్తగా ఊరి నుండి వచ్చిన కుర్రవాడికి బజారు మాట కూడా సరిగా రాదు. సెషన్స్ కోర్టులో చార్జి చదివి, "గున్హా కబూల్ ఆహే కా?" అని అడుగుతారు. వాడికి అర్థమయ్యేది చివరి రెండు ముక్కలే. పెద్దమనిషి ఏదో అడుగుతున్నాడు, కాదంటే కోపం వస్తుందేమోనని తల ఊపుతాడు. ఆ తల ఊపుడు ఖరీదు ఒక జన్మ!

చట్టం ఇలా ఉండమనలేదు. చార్జిని చదవడమే కాదు, ముద్దాయికి వివరించాలని చట్టం అంటోంది. సాక్ష్యం అతనికి తెలియని భాషలో ఉంటే తెలిసిన భాషలోకి మార్చి నిండు కోర్టులో చెప్పాలని అంటోంది. ఇవి అడిగి తీసుకోవలసిన హక్కులు. "నాకు తెలుగులో చెప్పించండి" అని కోర్టులో నిలబడి అడగడం కోర్టును అవమానించడం కాదు. ఆ మాట ప్రతి ఇంట్లో పిల్లలకు కూడా నేర్పండి.

ఇంకా రెండు సంగతులు గుర్తుంచుకోండి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో ముద్దాయి మీద సాక్ష్యంగా చెల్లదు. మేజిస్ట్రేటు ముందు ఒప్పుకోలు వాంగ్మూలం ఇమ్మంటే, "నువ్వు ఇవ్వవలసిన అవసరం లేదు, ఇస్తే నీ మీదే వాడతారు" అని మేజిస్ట్రేటు ముందే హెచ్చరించాలి. ఆ హెచ్చరికను లాంఛనం అనుకోకండి. వకీలుతో మాట్లాడనిదే ఏదీ చెప్పను అని అప్పుడే అనండి.

శిక్ష నిజంగా తేలేది ఎక్కడ?

దోషి అని తీర్పు చెప్పిన తర్వాత శిక్ష గురించి ముద్దాయి మాట విడిగా వినాలని 1973 నాటి కోడ్ నుండీ ఉంది. ఇది "నీకేమైనా చెప్పుకోవాలని ఉందా" అని అడిగి అరగంటలో శిక్ష చదివే తంతు కాదని సుప్రీంకోర్టు 1976లో సంతాసింగ్ కేసులో చెప్పింది. మామూలుగా తీర్పు ఒకరోజు, శిక్ష మరొక రోజు పెట్టాలని 1989లో అల్లావుద్దీన్ మియాన్ కేసులో చెప్పింది. 1980లో బచన్‌సింగ్ కేసులో యావజ్జీవమే మామూలు, ఉరి అరుదులలో కెల్లా అరుదైన కేసులకే అన్నది. ముద్దాయి వయసు, మానసిక స్థితి, ఒకరి ఒత్తిడికి లోబడి చేశాడా, మారే అవకాశం ఉందా అన్నవి చూడాలన్నది. ఉరి అడుగుతున్న కేసులలో ముద్దాయి కుటుంబం, చదువు, ఆదాయం, చేసే పని, జైలులో నడవడి తదితర వివరాలు ప్రభుత్వమే సేకరించి కోర్టు ముందు పెట్టాలని 2022లో మనోజ్ కేసులో ఆదేశించింది.

కాగితం మీద ఇంత ఉంది. కోర్టులో జరిగేదేమిటి? "ఇంటిలో ముసలి తల్లి, ఇద్దరు పిల్లలు, దయచూడండి" అని వకీలు ఒక్క వాక్యం అంటాడు. అంతటితో సరి. ఆ తల్లి గుడ్డిదని, పిల్లవాడు జబ్బువాడని, ఇరవై ఏళ్లలో ఈ మనిషి మీద ఒక్క చార్జిషీటు లేదని చెప్పే కాగితం ఉండదు. ఆ కాగితం ఎవరు తేగలరు? డాక్టరా, మాలకా? తేవలసింది యూనియన్. మన రిజిస్టర్లలో మనిషి సర్వీసు ఉంది. పక్క సాంచవాడికి అతని గుణం తెలుసు. పేటలో పెద్దలకు అతని సంసారం తెలుసు. దాన్ని అఫిడవిట్‌గా, సాక్ష్యంగా కోర్టుకు చేర్చడం మన బాధ్యత. కేసు పడగానే "మాకు సంబంధం లేదు, అతని సభ్యత్వం రద్దు చేశాం" అని ప్రకటన ఇచ్చి చేతులు దులుపుకునే నాయకత్వం కార్మికుల నాయకత్వం కాదు.

"హంతకులను వెనకేసుకొస్తారా?"

ఈ ప్రశ్న వస్తుందని తెలుసు. జవాబు సూటిగానే చెబుతాం. లేదు. చనిపోయినవాడు కూడా చాలాసార్లు మన కార్మికుడే. అతని భార్య మన సోదరే. ఆమెకు చట్టప్రకారం రావలసిన బాధితుల పరిహారం ఇప్పించడం కూడా యూనియన్ పనే. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు ఆమె చేత అర్జీ పెట్టించాలి. హత్య చేసినవాడికి శిక్ష పడాలి. అయితే చేసినదానికి పడాలి, చేయనిదానికి పడకూడదు. ఎక్కువా పడకూడదు. చంపాలని కాచుకుని చంపినవాడినీ, కొట్లాటలో ఒక దెబ్బ వేసినవాడినీ ఒకే గాటన కట్టమని చట్టం చెప్పలేదు. ఆ తేడా విచారణలోనే తెలుస్తుంది. తేడా తెలియనివ్వకుండా కేసు మూయించడం చనిపోయినవాడికీ అన్యాయమే. తన మనిషి ఎందుకు, ఎవరివల్ల చనిపోయాడో తెలుసుకునే హక్కు ఆ ఇల్లాలికి లేదా?

ఇంకొందరు కోర్టులకు అసలే పని భారం, ఒప్పుకున్నవాళ్లను తొందరగా తేల్చేస్తే మంచిదే కదా అంటారు. పెండింగు కేసులు తగ్గించాలంటే జడ్జీల ఖాళీలు నింపాలి. బీదవాడి జన్మను పెట్టుబడిగా పెట్టి కోర్టు పని తేలిక చేయడం సంస్కరణ కాదు.

1931 జనవరి 12న మన షోలాపూర్ వీరులు నలుగురిని బ్రిటిషువాళ్లు ఉరి తీశారు. ఆ నలుగురి విగ్రహాల ముందు నుండి మనం రోజూ పనికి పోతున్నాం. ప్రాణానికి సంబంధించిన విచారణ ఎంత జాగ్రత్తగా జరగాలో ఈ ఊరికి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు.

చేయవలసినవి

ఇంట్లోవాళ్లు చేయవలసింది:

1. మనిషిని పట్టుకుపోయిన రోజే యూనియన్ ఆఫీసుకు కబురు చేయండి. 24 గంటల లోపు మేజిస్ట్రేటు ముందు హాజరు పరచాలి; అక్కడ మన మనిషి ఒకరు ఉండాలి.

2. వకీలుకు పైసలు లేవని దళారీ దగ్గరకు పోకండి. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టం 12వ సెక్షన్ ఎవరెవరికి ఉచిత వకీలు ఇవ్వాలో చెప్పింది. అందులో "పారిశ్రామిక కార్మికుడు" అన్న మాట స్పష్టంగా ఉంది. నిర్బంధంలో ఉన్నవాళ్లు, స్త్రీలు, దళితులు, ఆదివాసులు కూడా ఉన్నారు. వీళ్లకు ఆదాయం లెక్క అక్కరలేదు. ఇది దానం కాదు, హక్కు. జిల్లా కోర్టులోనే ఆ ఆఫీసు ఉంటుంది. 15100 నంబరుకు ఫోను చేసినా చెబుతారు.

3. ఉచిత వకీలు పట్టించుకోకపోతే మార్చమని అదే ఆఫీసులో రాసి ఇవ్వండి.

4. చార్జి చదివే రోజు వకీలు లేకుండా ఏ ప్రశ్నకూ అవునని అనవద్దని లోపల ఉన్నవాడికి ములాఖత్‌లో పదే పదే చెప్పండి.

ప్రభుత్వాన్నీ, న్యాయస్థానాలనూ మనం కోరేది:

1. హత్య కేసులో ఒప్పుకోలు ఒక్కదాని మీదే దోషిగా తేల్చరాదు. సాక్ష్యం తప్పక వినాలి.

2. ముద్దాయి మాతృభాషలో చార్జి వివరించినట్టు రికార్డులో రాయాలి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉన్న జిల్లాల కోర్టులలో తెలుగు దుబాసీని నియమించాలి.

3. తీర్పు, శిక్ష ఒకే రోజు చెప్పరాదు. ముద్దాయి పరిస్థితుల నివేదిక ఉరి కేసులకే కాక ప్రతి హత్య కేసుకూ తెప్పించాలి.

4. ఒప్పుకోలు మీద శిక్ష పడినా హైకోర్టులో పూర్తి అప్పీలు హక్కు ఉండేలా చట్టం సవరించాలి.

సోదరులారా! కూలి ఒప్పందం మీద చదవకుండా వేలిముద్ర వేయవద్దని మన పెద్దలు మనకు నేర్పారు. రోజుకు పది రూపాయల తేడా కోసం అంత జాగ్రత్త పడే మనం, జన్మఠేప కాగితం మీద చదవకుండా తల ఊపుదామా? ఈ వ్యాసాన్ని చదువు రానివాళ్లకు చదివి వినిపించండి. "ఒప్పుకుంటే తగ్గుతుంది" అని ఎవరన్నా అంటే, ఏ సెక్షన్‌లో రాసి ఉందో చూపమని అడగండి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!

— కార్యదర్శి